పూజలో కూర్చున్న పొట్టి తుపాకీ

ఆ రోజుల్లో, అంటే 2014 ప్రాంతాల్లో, చేతిలో మాస్టర్స్ డిగ్రీ, పెండింగ్‌లో హెచ్-1బీ వీసా ఉన్న ఆడపిల్లలం ఎన్నిటికి భయపడేవాళ్ళమో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. లైబ్రరీ పుస్తకం ఆలస్యంగా ఇస్తే ఆ సంగతి ఇమిగ్రేషన్ ఫైల్లోకి ఎక్కుతుందని నేను నిజంగానే నమ్మాను. (ఎక్కదు. అడిగి మరీ తెలుసుకున్నాను.) టెక్సస్‌లో, డాలస్‌కి కాస్త దూరంగా, ఒకే గోడకి చెరోవైపూ చెరో వాటా ఉన్న డ్యూప్లెక్స్ ఇంట్లో సగం మేం ముగ్గురం అద్దెకు తీసుకున్నాం. మా ముగ్గురిలో పెద్దది అక్క. విజయవాడ మనిషి, కొత్త చీపురు కొన్నా పసుపు రాయందే వాడనిచ్చేది కాదు. రెండోది కరీంనగర్ పిల్ల. చదివింది డేటాబేస్‌లే అయినా తిండీ నిద్రా మానేసి వీసా ఫోరమ్‌లు చదివేది కాబట్టి మేం లాయరమ్మ అని పిలిచేవాళ్ళం. మూడోదాన్ని నేను. వాళ్ళిద్దరూ వాదించుకుంటే ఇద్దరికీ తలూపడం నా పని.

ఇంట్లో రెండో సగంలో ఓనరు ఉండేవాడు. తెల్లటి గుబురు మీసాలు, నెత్తిన టోపీ, ఎవరెదురైనా టోపీ తాకి మరీ పలకరింపు. మేం మీసాల తాత అనుకునేవాళ్ళం. భార్య పోయింది, కూతురు కాలిఫోర్నియాలో, డబ్లిన్ అనే ఊళ్ళో ఉంటుంది. అక్క ఆయనకి పులిహోర పంపేది, ఆయన మా కార్లకి టైర్లలో గాలి చూసేవాడు. అలా సాగుతున్న స్నేహంలో, దసరాకి ముందు ఒకరోజు అక్క ఆయనకి ఆయుధ పూజ గురించి వివరించింది. "ఎవరి పనిముట్లు వాళ్ళు అమ్మవారి ముందు పెట్టి దండం పెట్టుకుంటాం అంకుల్, వాటిలో అమ్మవారు ఉంటుందని మా నమ్మకం" అంది. తాత మీసం దువ్వుకుని, "నాది కూడా తేవచ్చా మేడమ్?" అని అడిగాడు. అక్క "అయ్యో, తప్పకుండా" అంది. రెంచీయో, డ్రిల్లో తెస్తాడనుకుంది పాపం.

మహానవమి పొద్దున పూజకి అంతా సిద్ధం. అమ్మవారి పటం ముందు మూడు లాప్‌టాప్‌లు, కారు తాళాలు, కత్తిపీట లేదు గనక కూరగాయల చాకు, మధ్యలో మా ప్రెషర్ కుక్కర్. (అది పేలుతుందేమోనన్న భయం మాకు రోజూ ఉండేది గనక ఆయుధమనే లెక్కేశాం.) తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో పొడుగాటి నల్ల పెట్టెతో వచ్చాడు. పెట్టె తెరిచి, గుళ్ళు లేవని రెండుసార్లు తీసి చూపించి, పీట మీద భక్తిగా పెట్టాడు. అది తుపాకీ. లాయరమ్మ నోట్లోని కాఫీ మింగలేక, కక్కలేక అలాగే నిలబడిపోయింది. అక్క ముఖం మాత్రం వెలిగిపోయింది. "ఇన్నేళ్ళూ స్క్రూడ్రైవర్లకి బొట్లు పెట్టి ఆయుధ పూజ అనుకున్నామే! ఇవాళ్టికి నిజం ఆయుధం వచ్చిందే!" అని, ఎవరి ఆయుధానికి వాళ్ళే పెట్టాలంటూ, తన చేయి దానికి తగలకుండా తాత చేతే గంధం, కుంకుమ పెట్టించింది. గోత్రాలు, పేర్లు చదివింది. తాతకి గోత్రం లేకపోతే శివగోత్రం ఇచ్చేసింది.

హారతి అయ్యాక తాత ముచ్చటగా దాని కథ చెప్పాడు. రైఫిల్ గొట్టం పదహారు అంగుళాలకి తగ్గితే ఫెడరల్ చట్టం దాన్ని మామూలు రైఫిల్‌గా చూడదట, ఇదేమో అంతకంటే పొట్టిది. వేలిముద్రలు, ఫొటోలు ఇచ్చి, పన్ను కట్టి, నెలల తరబడి ఎదురుచూస్తే గానీ అనుమతి రాదట. "టెక్సస్‌లో ఆ కాగితం ఉంటే చాలు. మా అమ్మాయి దగ్గరికి తీసుకెళ్తే మాత్రం కాలిఫోర్నియా వాళ్ళు నేరుగా లోపలేస్తారు" అని నవ్వాడు. నాకు ఒక్క సంగతే తట్టింది. ఈ దేశంలో ఆ తుపాకీకి కాగితాలు వచ్చేశాయి, మాకే ఇంకా రాలేదు.

తాత లేచి తుపాకీ అందుకోబోతే అక్క అడ్డం పడింది. "కదపకూడదు అంకుల్! రేపు దశమి పొద్దున ఉద్వాసన చెప్పేదాకా అమ్మవారు అందులోనే ఉంటుంది." అప్పుడు లాయరమ్మ అక్క చేయి పట్టుకుంది. "అక్కా, నీ కాళ్ళు మొక్కుత! మనం వీసా మీద ఉన్నం. మనలాంటోళ్ళు తుపాకి పెట్టుకునుడే నేరం. వేట లైసెన్స్ ఉంటే తప్ప!" అంది. "వేటా? నవమి పూటా?" అని అక్క చెవులు మూసుకుంది. తాత కూడా టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఆ పిల్ల చెప్పింది నిజం మేడమ్. ఇది నా ఒక్కడి పేరు మీదే ఉంది. నేను లేని ఇంట్లో వదిలి వెళ్తే మీకు ఇచ్చేసినట్టే లెక్క. మీకూ ముప్పు, నాకూ ముప్పు" అన్నాడు. అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వీసా కోసమేగా ఈ పూజంతా. మధ్యలో అమ్మవారిని లేపేస్తే ఇంకెక్కడి వీసా?" లాయరమ్మ కూడా ఏడుపు ముఖంతోనే, "లేపకపోతే అసలే రాదక్కా" అంది. ఇద్దరూ నావైపు చూశారు. జీవితంలో మొదటిసారి, తలూపితే సరిపోని పరిస్థితి వచ్చింది.

"తుపాకీ కదలకూడదు, తాత దాన్ని వదలకూడదు, మనం దానితో ఉండకూడదు. అంటే కదలాల్సింది మనమే కదా?" అన్నాను, నాకే నమ్మకం లేని గొంతుతో. అలా మేం ముగ్గురం దిండ్లు, దుప్పట్లు పట్టుకుని గోడకి అవతల తాత ఇంట్లోకి, తాత మా ఇంట్లోకి మారాం. (ఆయన మిగతా తుపాకులన్నీ ఇనుప బీరువాలో ఉన్నాయని, దాని నంబర్ ఆయనకి తప్ప ఎవరికీ తెలియదని లాయరమ్మ మూడు రకాలుగా అడిగి నిర్ధారించుకుంది.) అక్క గుమ్మం బయట నిలబడి, లోపలున్న తాతకి దీపం కొండెక్కకుండా నూనె ఎలా పోయాలో, హారతి ఏ వైపు తిప్పాలో నేర్పింది. మాంసం ముట్టకూడదనేసరికి, తాత పెరట్లో పొగ మీద పెట్టిన బ్రిస్కెట్ మాంసం వైపు ఒక్కసారి దీనంగా చూసి, పక్కింటాయనని పిలిచి ఇచ్చేశాడు. "గుడ్లు?" అని ఆశగా అడిగాడు. "గుడ్లూ వద్దంకుల్" అంది అక్క, జాలి లేకుండా.

తాత ఇంట్లో ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు. లాయరమ్మ ఏ వస్తువూ తాకకుండా చేతులు కట్టుకుని పడుకుంది. తెల్లవారగానే స్నానాలు చేసి పరుగెత్తాం. దీపం వెలుగుతోంది. దాని ఎదురుగా కుర్చీలో తాత, టోపీ ఒళ్ళో పెట్టుకుని, ఎర్రబడ్డ కళ్ళతో కూర్చున్నాడు. అక్క గుమ్మం బయటినుంచే మంత్రం చెప్పి, ఆయన చేతే పీట కాస్త ఉత్తరానికి జరిపించి ఉద్వాసన చెప్పించింది. తుపాకీని పెట్టెలో పెడుతూ, కుంకుమ తుడవాలా అని తాత అడిగాడు. వద్దంది. ఆయనా తుడవలేదు.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "మేడమ్, మీ అమ్మవారితో ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. మీరు నిన్న చదివారు కదా, ఆ పేర్లు చెబుతూ కూర్చున్నాను. మీ ముగ్గురివీ. నిద్రపోతే మరిచిపోతానని పడుకోలేదు. నా కాగితానికి పట్టినంత కాలం వీళ్ళకి పట్టనివ్వకు తల్లీ అన్నాను" అని మా పేర్లు వరుసగా పలికాడు. ఆయన నోట్లో పడ్డాక, మా అమ్మానాన్నలు విన్నా గుర్తుపట్టలేని పేర్లవి.

ఆ చలికాలంలోపే ముగ్గురికీ అప్రూవల్స్ వచ్చాయి. అమ్మవారి దయ అంటుంది అక్క ఈనాటికీ. చట్టం తప్పకుండా నడుచుకున్నందుకు అంటుంది లాయరమ్మ. నేను అలవాటు ప్రకారం ఇద్దరికీ తలూపుతాను గానీ, మనసులో మాత్రం మాంసం, గుడ్లు, నిద్ర మానుకుని, పలకరాని మా పేర్లు తెల్లవార్లూ పలికిన మనిషే కనిపిస్తాడు. ఆ పొద్దున ఆయన కళ్ళల్లోకి చూసి నేనన్న మొదటి మాట మాత్రం, "అంకుల్, బీరువా తాళం సరిగ్గా వేసే ఉంది, మేం ముట్టుకోలేదు" అని. అంత భయం అప్పటి నాకు, ఆ పిల్లకి. ఇప్పుడు కనిపిస్తే పక్కన కూర్చోబెట్టుకుని, నీకోసం ఒకాయన రాత్రంతా మేలుకున్నాడే పిచ్చిదానా, ముందు ఆయనకి కాఫీ పెట్టివ్వు అని చెప్పాలనిపిస్తుంది.