పన్నెండో ఫ్రేము

నా బల్ల మీద ఇప్పుడున్నవి: పైనొకటి కిందొకటి రెండు లెన్సులున్న పాత కెమెరా, సొట్టపడ్డ ఫ్లాష్ గిన్నె, డెబ్భైలలో నేను రాసుకున్న నోటుబుక్కు, కాపీ తీసిపెట్టమని గుణదల నుంచి ఒకావిడ పంపిన పెళ్ళి ఫోటో. ఫోటో చూడగానే గుర్తుపట్టాను. అది తీసినప్పుడు పక్కనే ఉన్నాను. పైగా నవ్వాను.

పటమటలో పెదనాన్నకు స్టూడియో ఉండేది. పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చిన వేడిలో ఆయన చేత జపాన్ కెమెరా కొనిపించాను. నోటుబుక్కులో నిలువు గీత గీసి అటు పాతది, ఇటు కొత్తది తూచాను. పాతదానికి రీలుకు పన్నెండు ఫ్రేములు, కొత్తదానికి ముప్ఫయ్యారు. పాతదానికి ఉన్న లెన్సే గతి, కొత్తదానికి దగ్గరికొకటి, దూరానికొకటి మార్చుకోవచ్చు. పాతదానికి ఫోటోకో బల్బు, కాలినదాన్ని జేబురుమాలుతో పట్టి పీకాలి. కొత్తదానికి భుజాన బ్యాటరీ సంచీ, నొక్కినప్పుడల్లా మెరుపు. నెగటివ్ పెద్దది కావడమొక్కటే పాతదానికి మార్కు. పెదనాన్న అంతా చదివి, "నా కెమెరా తప్పిందన్నమాట. పోనీలేరా ఇంజనీరూ, పక్కన కూర్చోనీ" అన్నారు.

గుణదలలో పెళ్ళికి కొత్త కెమెరా నా చేతికిచ్చి, పాతది మెడలో వేసుకొచ్చారు. చర్చి లోపల ముప్ఫయ్యారూ నేనే తీశాను. బయట రిక్షా ఎక్కుతుంటే పెళ్ళికూతురి ముసుగు టాపు కమ్మీకి చిక్కుకుంది. పెళ్ళికొడుకు వంగి దాన్ని విడదీస్తున్నాడు, ఇద్దరికీ నవ్వాగడం లేదు. స్టూడియోలో పదకొండు తీసేసిన రీలున్న పాత కెమెరాను పెదనాన్న నొక్కారు. ప్రతి రీల్లోనూ ఆఖరి ఫ్రేము, అంతా అయిపోయిందని జనం అనుకునే దాకా దాచడం ఆయన అలవాటు.

"ఇదేం ఫోటో పెదనాన్నా?" అని నవ్వాను.

"నిలబెట్టి తీసినవాళ్ళు ఫోటోలో ఉంటార్రా, పెళ్ళిలో ఉండరు."

మర్నాడు నా రీలు కడిగితే ప్రతి ఫ్రేములోనూ సగమే బొమ్మ. పాతదాని షట్టరు లెన్సులోనే ఉంటుంది, ఎంత వేగంలోనైనా ఫ్లాష్ ఒప్పుకుంటుంది. కొత్తదానిది గుడ్డ తెర. ఫ్లాష్‌తో వేగం సెకనులో అరవయ్యో వంతు దాటకూడదు, దాటితే మెరుపు వేళకు తెర సగమే తెరుచుకుని ఉంటుంది. నేను నోటుబుక్కులో పాతదాని వైపు రాసుకున్న నూట పాతికనే కొత్తదానికీ పెట్టాను. అన్నిటిలోనూ పెళ్ళికూతురుంది, పెళ్ళికొడుకున్న వైపు నలుపు. మళ్ళీ నిలబెట్టి తీద్దామంటే అతను మిలిటరీ. సెలవు అయిపోయి ఆ పొద్దున్నే రైలెక్కేశాడు.

"అల్లుణ్ణి సగానికి కోసేశారేంటండీ!" అంది పెళ్ళికూతురి తల్లి. ఆ అమ్మాయి మాత్రం ప్రింట్లన్నీ ఒక్కొక్కటే తిప్పి, "ఒక్కదాన్లో కూడా లేరాండీ?" అంది. నేను నోరు తెరవబోయాను. పెదనాన్న నా భుజం నొక్కి, "తప్పు నాదేనమ్మా. కొత్త మిషను, చెయ్యి కుదరలేదు" అన్నారు. ఆయన దాన్ని ముట్టుకోనే లేదు. తర్వాత పన్నెండో ఫ్రేము ప్రింటు ఆమె చేతిలో పెట్టారు. ఆమె చాలాసేపు చూసింది. "ముసుగు లాగి చింపేస్తారేమోనని భయమేసిందండీ" అని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

అతను మళ్ళీ సెలవుకి వచ్చినప్పుడు, రీలంతా ఊరికే తీస్తానని పెదనాన్న కబురు పెట్టారు. "వద్దండీ, అది చాలు" అని జవాబొచ్చింది.

ఇప్పుడు కాపీ కోసం పంపింది ఆమె మనవరాలు. చూసి చూసి అంచులు అరిగిపోయాయి. ఇన్నేళ్ళు చూసుకున్న ఆ బొమ్మ తీయడానికి పట్టిన కాలం నోటుబుక్కులో ఉంది: సెకనులో నూట పాతికో వంతు.