తెరుచుకోని నలభై ఫైళ్ళు

పన్నెండేళ్ళుగా నేను మోస్తున్న బరువు రెండు లైన్లు. కాగితం మీద రాస్తే జానెడు కూడా ఉండవు. బస్తాలెత్తేవాళ్ళకి చెబితే నవ్వుతారు. నేనూ నవ్వుతూనే మోశాను. నవ్వించడం కాలేజీ రోజుల నుంచీ నాకు అలవాటు. ఆ అలవాటు ఒక మనిషిని ఏం చేసిందో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, అదే నాకు కొంచెం ధైర్యం. పేరు రాయను. రేపు పొద్దున్న తెలియాల్సిన వాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది.

అనకాపల్లి దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో కంప్యూటర్ గది నాది. నాది అంటే, ఏసీ ఫ్యాక్టరీది, కుర్చీ ఫ్యాక్టరీది, పొరపాట్లు నావి. ఆ ఆవరణ మొత్తానికి బీఎస్సీ కంప్యూటర్స్ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి నేనేది చెబితే అదే కంప్యూటర్ చెప్పినట్టు.

చెరకు రైతు తనకు నచ్చిన రోజున తోట నరకడానికి లేదు. కటింగ్ ఆర్డర్ రావాలి. ముందు నాటినవాడికి ముందు. ఎవరు ఎప్పుడు నాటారో ఊరూరా తిరిగి రాసుకొచ్చేది ఫీల్డ్‌మేన్. ఆ వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించి, ప్రతి వారం జాబితా అచ్చు తీసేది నేను. ఒక్కో రైతుకి ఒక్కో ఫైలు. నా ప్రోగ్రాము ఆ ఫైళ్ళన్నిటినీ ఒకేసారి తెరిచి పెట్టుకుని, అందరిలోకీ ముందు నాటిన తోటను ఏరుకుంటూ పోయేది. దాన్ని చూసుకుని నాకు గర్వంగానే ఉండేది.

పన్నెండేళ్ళ కిందట కాలవ చివరి ఊరొకటి కొత్తగా మా ఫ్యాక్టరీ కిందికి వచ్చింది. రైతులు వెయ్యి అరవై మందయ్యారు. ప్రోగ్రాము ఆగిపోయింది.

ఎందుకు ఆగిందంటే, ఒక ప్రోగ్రాము ఒకేసారి ఇన్ని ఫైళ్ళే తెరవాలని ఆపరేటింగ్ సిస్టమ్ ఒక హద్దు పెడుతుంది. మా దాంట్లో వెయ్యి ఇరవై నాలుగు. అందులో నాలుగు ఇతర అవసరాలకు పోగా రైతులకు మిగిలేవి వెయ్యి ఇరవై. పెళ్ళి భోజనాల్లో బంతికి ఇంతమందే అన్నట్టు. దీనికి మర్యాదైన దారులు రెండున్నాయి. మొదటి బంతి లేచాక రెండో బంతి వేయొచ్చు. అంటే కొన్ని ఫైళ్ళు చదివి మూసేసి, తరవాతివి తెరవొచ్చు. లేదంటే ఇంకో నాలుగు చాపలు పరవమని సిస్టమ్‌ని అడగొచ్చు, దానికి ఒక్క కమాండ్ చాలు. నేను మూడో దారి పట్టాను. ఫైలు తెరుచుకోకపోతే వదిలేసి ముందుకు పొమ్మని రాశాను. రెండు లైన్లు. చోటు దొరకనివాళ్ళు అసలు పెళ్ళికే రానట్టు.

మర్నాటి నుంచి నరుకుడు. మేనేజరు ప్రింటర్ పక్కనే నిలబడి ఉన్నాడు. సరిచేయడం తరవాత చూద్దామనుకున్నాను. మా వృత్తిలో తరవాత అనేది చాలా పెద్ద ఊరు. మా అందరికీ అక్కడ స్థలాలున్నాయి.

తెలిసే చేశానా? కొందరు జారిపోతారని తెలుసు. ఎవరో తెలియదు. తెలుసుకోకుండా ఉండడానికి నేనెంత శ్రద్ధ తీసుకున్నానో తలచుకుంటే నాకే ఆశ్చర్యంగా ఉంటుంది. జారిపోయిన పేర్లు ఒక పక్కన రాసి పెట్టమని మూడో లైను రాసి ఉంటే సరిపోయేది. రాయలేదు. పై వారం వస్తారులే అనుకున్నాను. రాలేదు. ఫైళ్ళు తెరిచే వరుస మారదు కదా. ప్రతి వారం ఆ చివరి నలభై మందే.

ఆ ఊరికి ఫీల్డ్‌మేన్ సన్నిబాబు. చుట్టరికం లేకపోయినా నాకు మామ, ఆయనకి నేను అల్లుణ్ణి. ఆ ఊరి పై వీధిలోనే ఆయన అత్తవారిల్లు. పేర్లు రాయడం అక్కణ్ణుంచే మొదలుపెట్టాడు. కుట్రేమీ లేదు, ఆ అరుగు మీద నీడ ఉంటుంది, అత్తగారు మజ్జిగ ఇస్తుంది. పై వీధి అయ్యాక కింద వీధి. ఆయన ఏ వరుసలో ఫారాలు తెచ్చాడో ఆ వరుసలోనే ఎక్కించాను. కొత్త ఊరు కాబట్టి అన్ని ఊళ్ళకీ చివర. వెయ్యి ఇరవయ్యో ఫైలు పై వీధి ఆఖరి ఇంటిది.

మూడు వారాలు గడిచాయి. పై వీధివాళ్ళు చెరకు నరికి ట్రాక్టర్లకెత్తుతుంటే కింద వీధి తోటలు పూతకొచ్చి ఎండుతున్నాయి. పూసిన చెరకులో రసం నిలవదు. తాటి ముంజెల కాలంలో సన్నిబాబు మామ కనబడితే ముంజెలు తినకుండా కదలనివ్వని కింద వీధి రైతు లచ్చన్నే, ఆయన బండికి అడ్డంగా నిలబడి తాళం లాక్కున్నాడు. మామ నడుచుకుంటూ నా గదికి వచ్చాడు. చేతిలో ఫీల్డు పుస్తకం.

"అల్లుడూ, ఓపాలి సూడరా. కింద ఈదోలు ఒక్కలూ రాలేదు. మిషనేటైనా తినేసిందేటి?"

"మిషన్ తిండిపోతు కాదు మామా. నువ్వు పెట్టిందే వడ్డిత్తాది."

ఆయన నవ్వాడు. నా మాటలకి ఎప్పుడూ నవ్వేవాడు. పుస్తకం తెరిచి ఒక్కో పేరు మీదా వేలు పెట్టి చూపించాడు.

"నాను రాసేను గదేటి. ఇదిగో, నలబై పేర్లు."

"పుస్తకంలో ఉంటే సరా? ఫారాలు నా దగ్గరికి రావాలి గదా."

"అయితే నానే ఎక్కడో మర్సిపోనాను కాబోలు," అన్నాడు.

నలభై అన్న మాట ఆయన నోట వినగానే నాకు అర్థమైంది. వెయ్యి అరవైలోంచి వెయ్యి ఇరవై తీసేయడానికి బీఎస్సీ అక్కర్లేదు. ఆయన ఇంకా గుమ్మం దాటలేదు. పిలవొచ్చు. మామా, ఆగు, తప్పు నాది అనొచ్చు. నాలుగు మాటలు. నేను కుర్చీ ముందుకు లాక్కుని, ఆయన మెట్లు దిగేదాకా తెర వైపు చూస్తూ కూర్చున్నాను.

తరవాత సిస్టమ్ హద్దు పెంచాను. ఒక్క కమాండ్. మర్నాడే నలభై పేర్లూ జాబితాలోకి వచ్చాయి. అదే ఆయన్ని ముంచింది. గొడవ జరగ్గానే పేర్లు ఊడిపడ్డాయంటే, ఫారాలు ఇన్నాళ్ళూ ఎవడి సంచిలో ఉన్నట్టు? మేనేజరు నన్ను పిలిచి అడిగాడు. ఫారాలు ఆలస్యంగా వచ్చి ఉంటాయండీ అన్నాను. ‘వచ్చాయి’ అనలేదు, ‘వచ్చి ఉంటాయి’ అన్నాను. అబద్ధం ఆడకుండా పని జరుపుకున్నానని ఆ సాయంత్రం నన్ను నేను కొంత మెచ్చుకున్నాను కూడా.

ఇక్కడితో ఆగి ఉంటే పిరికివాణ్ణి అనుకుని బతికేసేవాణ్ణి. మర్నాడు క్యాంటీన్‌లో ఎవరో, కింద వీధి సంగతేంటి అని అడిగారు. టీ తాగుతూ అన్నాను: మా మామ దగ్గర ఆర్డర్లు రెండు రకాలు, ఒకటి ఫ్యాక్టరీ ఆర్డరు, రెండోది అత్తోరి ఆర్డరు. బల్ల బల్లంతా నవ్వింది. నా జీవితంలో నేను వేసిన జోకుల్లో బాగా పేలింది అదే.

వారం తిరిగేసరికి ఆ మాట కింద వీధికి చేరింది. మామను పొలాల మీద నుంచి తీసేసి, చెరకు బళ్ళకి టోకెన్లిచ్చే గేటు దగ్గర కూర్చోబెట్టారు. తోటను చూసి ఎప్పుడు నాటారో చెప్పగల మనిషి. రిటైరయ్యేదాకా ఆ గేటు దగ్గరే ఉన్నాడు. కింద వీధివాళ్ళు టోకెన్ తీసుకునేవారు, మొహం చూసేవారు కాదు.

నేను ఎన్నిసార్లు చెబుదామనుకున్నాను? అనుకోవడానికేం, చాలాసార్లు. ప్రతిసారీ ఒక మంచి కారణం దొరికేది. ముందు ఉద్యోగం. తరవాత, పాత సంగతి కదా. ఆ పైన, ఆయనే మరిచిపోయి ఉంటాడు, నేనెందుకు కెలకడం.

మరిచిపోలేదు. పోయిన నెల షేర్ ఆటోలో ఆయన పక్కనే కూర్చోవాల్సి వచ్చింది. ఎదురుగా ఇద్దరు ఆడవాళ్ళు ఆసుపత్రి సంగతి మాట్లాడుకుంటున్నారు. కాంపౌండరు తనవాళ్ళను ముందు లోపలికి పంపించాడట. అదేటి, అత్తోరి ఆర్డరేటి అని ఒకావిడ అంది. ఆ మాట ఎక్కడ పుట్టిందో ఆవిడకి తెలియదు. ఎవరి గురించో తెలియదు. అది ఇప్పుడు ఈ చుట్టుపక్కల సామెత. మామ తల తిప్పి రోడ్డు వైపు చూశాడు. దిగేటప్పుడు నా మోకాలు తట్టి, ఒంట్లో బాగుందా అని అడిగాడు.

ఇంటికొచ్చి పాత డిస్కులన్నీ వెతికాను. ఆ ప్రోగ్రాము దొరికింది. రెండు లైన్లూ అలాగే ఉన్నాయి. ఆ పేజీ అచ్చు తీసి నిన్న ఆయన ఇంటికి తీసుకెళ్ళాను. మొత్తం చెప్పాను. మిషన్ సంగతి ఒకసారి, జోకు సంగతి రెండుసార్లు. మొదటిసారి నేల చూస్తూ, రెండోసారి ఆయన మొహం చూస్తూ. ఆయన కూర్చోమనలేదు, పొమ్మనలేదు. లోపలికెళ్ళి ట్రంకు పెట్టె తెరిచిన చప్పుడు. ఆ ఫీల్డు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. పన్నెండేళ్ళు దాచుకున్నాడు.

"కింద ఈదికి ఎల్లినప్పుడు ఇది అట్టుకెల్లు," అన్నాడు. లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు.

కింద వీధికి వెళ్తానని నేను అప్పటికి అనలేదు.

రేపు పొద్దున్నే వెళ్తున్నాను. పాల కేంద్రం దగ్గరికి ఆ వీధి అంతా క్యాన్లతో వస్తుంది, లచ్చన్న కూడా. తిట్టొచ్చు. మెడ పట్టి గెంటొచ్చు. నా తాళం కూడా లాక్కోవచ్చు. క్షమిస్తారా అని నన్ను నేను అడగడం మానేశాను. అది వాళ్ళ పని. చెప్పడం ఒక్కటే నాది. ఈసారి జోకు ఏదీ సిద్ధం చేసుకోలేదు. రాసేశాక మాత్రం ఊపిరి కొంచెం లోపలిదాకా వెళ్తోంది. దాన్ని కాదనను.

పుస్తకం నా ముందే ఉంది. ఆయన రాతలో నలభై పేర్లు. ఇందాక పైకి చదివి చూసుకున్నాను. ఇద్దరి ఇంటిపేర్లు అర్థం కాలేదు, కళ్ళజోడు తెచ్చుకుని మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఒక్కటీ వదల్లేదు.