సారవ్వ బెల్టు బాట

మా సెంటినరీ కాలనీలో నేల తట్టి చూశాకే తోటలో చెయ్యి పెట్టే మనిషి ఒక్క సారవ్వే. చేతిలో నిలువెత్తు వెదురు కర్ర ఉంటుంది. బెండ సాలు దగ్గర రెండు దెబ్బలు, కాకర పందిరి కింద రెండు దెబ్బలు, కట్టెల కుప్ప చుట్టూ నాలుగు. కొట్టి, ఆగి, చెవి పెట్టి వింటుంది. కొత్తగా వచ్చినవాళ్లు చూస్తే ఈమెకు ఏదో పట్టిందనుకుంటారు. పక్క క్వార్టర్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నవాణ్ణి కాబట్టి నాకు అసలు సంగతి తెలుసు.

ఆ అలవాటు ఆమె పెనిమిటి పోశం నేర్పింది. పోశం అండర్‌గ్రౌండ్ బొగ్గు గనిలో టింబర్‌మన్. మనుషులు కిందికి పోయి నిలబడే ముందు గని పైకప్పును తట్టి చూడటం ఆయన పని. ఖణేల్‌మంటే గట్టిగా ఉన్నట్టు, డొల్ల చప్పుడొస్తే ఊడిపడేట్టు. ముప్పై ఏళ్లు చెవులను నమ్ముకుని బతికాడు. రిటైరయ్యాక కొడుకు సంపత్‌కు ఉద్యోగం వచ్చి క్వార్టర్ అతని పేరు మీదికి మారింది. వెనక రాళ్లూ రప్పలూ ఉన్న జాగాలో చెరువు మట్టి సంచులతో మోసుకొచ్చి పోసి, భార్యాభర్తలిద్దరూ తోట వేశారు. పురుగూ పుట్రా ఉంటే కదిలిపోతాయని, తట్టకుండా దేని మీదా చెయ్యి పెట్టొద్దని పోశం ఆమెకు చెప్పాడు. చివరికి పోశం తుక్కు దుకాణం నుంచి కన్వేయర్ బెల్టు తెచ్చి, గేటు నుంచి కాకర పందిరి దాకా నలభై అడుగుల బాట పరిచాడు. బొగ్గు మోసి మోసి అరిగిన రబ్బరు బెల్టు. వానాకాలంలో భార్య కాళ్లకు బురద అంటకూడదని ఆయన ముచ్చట. అది చూసి మా క్వార్టర్ల లైనంతా బెల్టు ముక్కలు తెచ్చుకుంది. గడప ముందర, బాత్రూం దగ్గర, కోళ్ల గూడు మీద, ఎక్కడ చూసినా అదే.

మూడేళ్ల కింద పోశం గుండెపోటుతో పోయాడు. సారవ్వకు తోట మిగిలింది, కర్ర మిగిలింది. పొద్దున లేస్తే ఆమె మాట్లాడేది మొక్కలతో, వాటిని తినడానికి వచ్చేవాటితో. ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టి గుట్టల మీది నుంచి నెమళ్లు దిగి మిరప మొలకలు పొడుచుకు తినేవి. "నీ నోరు పడిపోను, జర కాయ కాసిందాక ఆగరాదే!" అని వాటి వెంట పరుగెత్తేది. కట్టెల కుప్పలో ఉండే జెర్రిపోతును మాత్రం ఏమీ అనేది కాదు. ఎలుకలను పట్టే జీవమని దానికి తోటలో హక్కు ఇచ్చింది.

ఈ ఏడాది వానలు మొదలైన మూడు వారాల్లో మా లైనులో నాలుగు పాములు కనిపించాయి. అందులో రెండు కట్లపాములు. ఒకటి మా ఇంట్లోనే, బాత్రూం గడప దగ్గర. నా భార్య సంధ్యారాణి ఆ రోజు వేసిన కేకకు వీధి చివరి షిఫ్టు బస్సు కూడా ఆగింది. బ్లాస్టింగ్ అదురుకు గుట్టల్లోంచి వస్తున్నాయని కొందరన్నారు. ఆ మాట ఎవరికీ రుచించలేదు. గుట్టలను ఎవరేం చెయ్యగలరు? సారవ్వ తోటనైతే ఏదైనా చెయ్యొచ్చు.

అర్జీ రాయాలంటే మా లైనువాళ్లు నా దగ్గరికే వస్తారు. గని ఆఫీసులో గుమాస్తాను. నా రాత మీద నాకు కాస్త గర్వం కూడా. "సదరు తోట విష సర్పములకు నిలయమై యున్నందున" అని రాసి, నేనే మురిసిపోయి, మొదటి సంతకం నేనే పెట్టాను. తోట తీయించమని కాలనీ ఆఫీసుకు పోయిన ఆ అర్జీ మీద మొత్తం పద్దెనిమిది సంతకాలు. వచ్చే సోమవారం జేసీబీ పంపి తోట సాఫు చేయిస్తామని కాలనీ ఆఫీసువాళ్లు సంపత్‌కు చెప్పారు.

ఆ సాయంత్రమే సారవ్వ మా ఇంటికొచ్చింది. ఆమెకు చదువు రాదు.

"జగదీశ్వర్ బిడ్డా, ఆ కాయితంల ఏం రాసినవో నాకు సదివి చెప్పు" అంది.

తప్పించుకునే దారి లేదు. నకలు తీసి చదివాను. చదువుతుంటే నా రాత నాకే చేదెక్కింది.

"నిలయం అంటే ఏంది?"

"ఇల్లు, అవ్వా."

"గట్లనా. పాములకు ఇల్లు ఇచ్చిన్నని రాసినవు. పన్నెండేండ్ల సంది మీ ఇంటికి కాకరకాయలు ఇచ్చిన్నని ఎందుకు రాయలే?"

సంధ్యారాణి తల దించుకుని వంటింట్లోకి పోయింది. నాకు పోవడానికి వంటింట్లో కూడా చోటు లేదు.

"నా తోట అంటే నాకు పానం" అంది సారవ్వ. "సోమారం దాక టైం ఉన్నది గద. అవి ఏడికెళ్లి వస్తున్నయో నేను పట్టుకుంట. నా మొక్కలల్ల ఉన్నయంటే, జేసీబీ ముంగట నేనే నిలబడి ఏడ కొట్టాల్నో చూపిస్త. లేకుంటే నువ్వు ఇంకో కాయితం రాయాలె. పొద్దుగాల డ్యూటీకి పోయే ముందు వచ్చి నిలబడు. నువ్వే సాక్షివి."

అలా నేను వారమంతా ఆ తోటలో సాక్షిగా నిలబడ్డాను. మంగళవారం బెండ, గోరుచిక్కుడు సాళ్లు తట్టింది. బుధవారం పందిరి కిందంతా. గురువారం కట్టెల కుప్పను ఒక్కో కట్టె తీసి మళ్లీ పేర్చింది. జెర్రిపోతు విసుక్కుంటూ పక్కకు పోయింది. శుక్రవారం ఇటుకల దొంతర విప్పింది. రెండు తేళ్లు, ఒక ముసలి కప్ప. అరవై ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. కొంచెం కూర్చో అవ్వా అంటే నన్ను కొట్టేలా చూసింది. కట్లపాము జాడ మాత్రం లేదు. నేను లోలోపల సంతోషించాను. ఇంకో అర్జీలో ఏ మాటలు వాడాలో కూడా అనుకున్నాను.

శనివారం పొద్దున, బాట మీద నడుస్తుండగా ఆమె చేతిలోని కర్ర జారి బెల్టు మీద పడింది.

సారవ్వ వంగి తీసుకోలేదు. అలాగే నిలబడిపోయింది. తర్వాత కర్ర తీసి పక్కనున్న మట్టి మీద కొట్టింది. చప్పుడొచ్చింది. బెల్టు మీద కొట్టింది. ఏమీ లేదు. రబ్బరు దెబ్బను మింగేసింది. ఇంకోసారి కొట్టింది, ఇంకా గట్టిగా. మళ్లీ ఏమీ లేదు.

"బిడ్డా" అంది మెల్లగా. "ఇన్నేండ్లు అన్ని తట్టిన. దీన్ని ఒక్కనాడు తట్టలే. దీని మీద నిలబడే అన్ని తట్టిన."

గోదావరిఖనిలో బైకులు బాగుచేసే హసన్‌కు పాములు పట్టి అడవిలో వదిలే అలవాటుంది. ఫోన్ చేస్తే అరగంటలో వచ్చాడు. పందిరి దగ్గర బెల్టు అంచు గడ్డపారతో లేపాడు. కింద చల్లటి మట్టి, అందులో ఎలుక బొక్కలు. మూడో అడుగు దగ్గర, నల్లగా, తెల్లటి కట్లతో, చుట్ట చుట్టుకుని అది పడుకుని ఉంది.

"ఎలుకలకు ఇల్లయింది అవ్వా, వాటెనక ఇది వచ్చింది" అన్నాడు హసన్, దాన్ని డబ్బాలోకి దించుతూ. "పైన ఎంత తొక్కినా దానికి ఫికర్ లేదు. అదురు కిందికి దిగదు."

అక్కడున్నది మేము ముగ్గురమే. హసన్ ఎవరికీ చెప్పడు. నేనూ చెప్పను. ఆ మాటే ఆమెతో అన్నాను. గుట్టుగా తీసేద్దాం, తోటలో ఏమీ దొరకలేదని రాస్తానన్నాను.

సారవ్వకు కోపం నషాళానికెక్కింది. "నీ రాత ఎటు దిప్పితే అటు దిరుగుతదా? మా బాట కింద ఉన్నది. పరిచింది మేము. గట్లనే రాయి" అంది.

తర్వాత గడ్డపార తీసుకుంది. నన్ను ముట్టుకోనివ్వలేదు. హసన్ కొంకి కర్రతో ముందు నడుస్తుంటే, పోశం పరిచిన బాటను అడుగడుగూ ఆమే పెకిలించింది. పెకిలిస్తూ తిట్టింది, ఏడ్చింది, మళ్లీ తిట్టింది. "తట్టి చూడుమన్నవు. చప్పుడు రానిదాన్ని నువ్వే తెచ్చి నా కాళ్ల కింద ఏస్తివి! నీకు చెవులున్నయి గదనయ్యా, ఒక్కసారి తట్టకపోతివా!" చచ్చిపోయిన మనిషి మీద అంత కోపం, అంత ప్రేమ నేను ఎక్కడా చూడలేదు. గేటు దగ్గరికి వచ్చేసరికి ఇంకో పాము దొరికింది. హసన్ రెండు డబ్బాలతో వెళ్లిపోయాడు.

మట్టి చేతులతోనే సారవ్వ మా పెరట్లోకి వచ్చింది. బాత్రూం గడప ముందర నేను పరిచిన బెల్టు ముక్క మీద కర్రతో కొట్టింది. చప్పుడు రాలేదు. నా వైపు చూసింది.

గడ్డపార అందుకుని అంచు లేపాను. పాము లేదు. దాని కుబుసం ఉంది, బెల్టు ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా, పొడుగ్గా. పన్నెండేళ్లుగా నా భార్య రోజూ వట్టి కాళ్లతో దాటే చోటు. నా వెనక సంధ్యారాణి "అయ్యో" అని నేల మీద కూలబడింది. సారవ్వ కర్ర పక్కన పడేసి వెళ్లి ఆమెను పొదివి పట్టుకుంది.

ఆ రోజే రెండో అర్జీ రాశాను. సదరు, యున్నందున లాంటి మాటలు లేవు. సారవ్వ చెప్పినట్టే ఆమె బాట సంగతి రాశాను. దాని కింద నా గడప సంగతి రాసి, తోటను వదిలి బెల్టులు ఎత్తించమని అడిగాను. అది పట్టుకుని ఆదివారమంతా మేమిద్దరం ఇంటింటికీ తిరిగాం. ఆమె తట్టింది, నేను లేపాను. పద్దెనిమిది మందీ మళ్లీ సంతకాలు పెట్టారు.

సోమవారం జేసీబీ రానే వచ్చింది. సారవ్వ చెప్పినట్టే దాని ముందర నిలబడి చూపించింది, వీధిలో కుప్ప పోసి ఉన్న లైనంతటి బెల్టును. తొట్టెలోకి మొదట ఎక్కింది మా బాత్రూం గడప ముక్క. చివర ఎక్కింది పోశం బాట. అది పైకి లేస్తుంటే ఆమె చేత్తో ఒకసారి తడిమి, వదిలేసింది.

మర్నాడు వాన పడింది. పొద్దున గోడ మీంచి చూస్తే సారవ్వ మోకాళ్ల దాకా బురదతో పందిరి వైపు నడుస్తోంది, అడుగు ముందు నేలను తట్టుకుంటూ. ప్రతి దెబ్బా మా ఇంటిదాకా వినిపించింది.