పెద్ద ఇంజిను, పాత బ్రేకులు

మా పక్కింటి అన్నయ్య పోయిన సంగతి రెండు వారాల కిందట ఒక ఉదయం వదినే ఫోన్ చేసి చెప్పింది. గొంతులో ఏడుపు లేదు. "మీ అన్న పోయిండు. పొద్దుగాల చాయ తాగిండు, గోడకు ఒరిగి కూసున్నడు, గంతే. పిలిస్తే పలుకలే," అంది. ఆమె వెనక ఎవరో కుర్చీలు జరుపుతున్నారు. "నువ్వొస్తె నా పక్కకు కూసో," అని పెట్టేసింది.

మేము యాప్రాల్‌కు మారి కొంతకాలమైంది. అంతకుముందు మేడ్చల్‌లో మా ఇల్లూ వాళ్ళిల్లూ ఒకే ప్రహరీకి ఆ వైపూ ఈ వైపూ. ఆ రోజు నేను చేరేసరికి వాకిలి నిండా జనం. ఆయన భూముల గురించి, మాట మీద నిలబడే తీరు గురించి, రావల్కోల్‌లో ఉండే ఆయన అన్నగారి రాజకీయాల గురించి మాట్లాడుకుంటున్నారు. కారు మాట ఒక్కరూ ఎత్తలేదు. అది ఎత్తకూడని మాట అని ఆ వీధిలో అందరికీ తెలుసు. పదకొండో రోజు గడిచాక నేనే వదినను అడిగాను, అన్నయ్య గురించి నాలుగు మాటలు రాయనా అని. "రాయి. ఉన్నదున్నట్టు రాయి. మంచిగ రాయాల్నని రాయకు," అంది. అందుకే ఇలా రాస్తున్నాను.

తొంభైల మొదట్లో మేము గుంటూరు వైపు నుంచి వచ్చి ఆ కాలనీలో స్థలం కొన్నాం. అమ్మింది ఆయనే. మా వారు సికింద్రాబాద్‌లో లెక్కల గుమాస్తా, నేను శామీర్‌పేటలో బడిపంతులమ్మను. చుట్టూ పొలాలు, ద్రాక్షతోటలు, మధ్యలో విసిరేసినట్టు పదో పరకో ఇళ్ళు. మొదటి ఎండాకాలమే మా బోరు ఎండిపోతే, ఆయన అడగకుండానే గోడ మీదుగా పైపు వేశాడు. ఎన్నడూ గేటు తీసుకుని లోపలికి వచ్చేవాడు కాదు. గేటు మీద చెయ్యి పెట్టి, "చెల్లె, ఉన్నవా?" అని పిలిచి, నేను బయటికి వచ్చేదాకా నిలబడేవాడు. మా భాష విని నవ్వుకునేవాడు. "మీరు తిట్టినా అండీ అని తిడ్తరు గదా," అనేవాడు.

ఆయనకు ఇంజిన్లంటే పిచ్చి. భూమి ఉన్నా మనసు దాని మీద ఉండేది కాదు. ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి ఊళ్ళోవాళ్ళ ట్రాక్టర్లు, పంపుసెట్లు బాగు చేసేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ షెడ్డులో ఆయనకు తోడు వదిన తమ్ముడు. వాళ్ళమ్మ చనిపోతే చిన్నప్పుడే వదిన తెచ్చి పెంచుకుంది. వాళ్ళకు పిల్లలు లేరు. పేరుకు తమ్ముడే గానీ, అతను అన్నం తినకపోతే ఆమెకు ముద్ద దిగేది కాదు. అప్పటికి అతనికి పాతికేళ్ళు దాటలేదు. ఒక ఫ్యాక్టరీలో పని. మిగిలిన వేళంతా బావ వెంటే.

ఆ కారు యాప్రాల్ నుంచి వచ్చింది. మిలిటరీలో పెద్ద ఉద్యోగం చేసి పోయిన ఒకాయన ఇంట్లో ఏళ్ళ తరబడి మూలపడి ఉన్న పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైకప్పు లేదు, పొడుగాటి ముక్కు, వెలిసిన ఆకుపచ్చ రంగు. ఇంజిన్ పట్టేసింది, తిరగదు. దానికి సామాను దొరకదు. ఒక జీపులోంచి తీసిన పెద్ద ఇంజిన్‌ను అందులో కూర్చోబెడదామని బావా బావమరదులు అనుకున్నారు.

ఆ ఏడాదంతా ఆ షెడ్డు వైపు నుంచి సుత్తి చప్పుడు, వెల్డింగు వాసన. ఇంజిన్ దిగడానికి ముందు భాగం కోశారు. గేర్‌బాక్స్ కలవలేదు, దానికి వేరే ఇనుము పోతపోయించారు. బానెట్ మూయడానికి రాలేదు, మధ్యలో కోసి పైన రేకు డొప్ప అతికించారు. వదిన వాళ్ళకు జొన్నరొట్టెలు షెడ్డులోకే తీసుకెళ్ళి ఇచ్చి, చేతులు కడుక్కోనిదే తిననిచ్చేది కాదు. ఒకసారి నేను అక్కడే ఉండగా తమ్ముడు అడిగాడు. "బావా, గింత పెద్ద ఇంజిన్‌కు గీ బ్రేకులు సాల్తయా?"

"సాలయ్," అన్నాడు అన్నయ్య. "ముందుగాల ఇంజిన్ ఎట్ల పాడుతదో సూద్దాం. బ్రేకులు అటెన్క మారుద్దాం."

ఆ మాట నేను విన్నాను. వదినా విన్నది. మాలో ఎవరికీ అది పెద్ద మాటగా అనిపించలేదు.

ద్రాక్ష కోతల కాలంలో ఒక ఆదివారం పొద్దున ఇంజిన్ మోగింది. వీధి వీధంతా బయటికి వచ్చింది. రెండుసార్లు కాలనీ చుట్టూ మెల్లగా తిప్పారు. తమ్ముడు శామీర్‌పేట రోడ్డు మీద కాస్త దూరం తీసుకెళ్ళి వస్తానన్నాడు. అన్నయ్య కూడా ఎక్కుతాడనుకున్నాం. ఎక్కలేదు. "నడిపేటోనికి సప్పుడు తెల్వది. దూరంకెల్లి ఇంటెనే తెలుస్తది. నువ్వు పో, నేను ఈడికెల్లి ఇంట," అన్నాడు. వదిన కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "వాడొక్కడే పోవచ్చునా?" అని అడిగింది. "పోనీ తియ్. మెల్లగనే పోతడు," అన్నాడు.

కారు మలుపు తిరిగి పెద్ద రోడ్డెక్కింది. అన్నయ్య వీధి చివర నిలబడి చెయ్యి చెవి వెనక పెట్టుకుని విన్నాడు. ఆ రోజుల్లో అటు ఇళ్ళు లేవు, చప్పుడు చాలా దూరం వచ్చేది. ఇంజిన్ గొంతు పెరిగింది. ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. నా వైపు తిరిగి, "ఇంటున్నవా చెల్లె," అన్నాడు. ఇంకా పెరిగింది. అంతలో ఆగిపోయింది. నెమ్మదించి ఆగలేదు. ఉన్న చప్పుడు లేకుండా పోయింది.

ఆయన చెయ్యి చెవి దగ్గరే ఉండిపోయింది. తర్వాత పరుగెత్తాడు. చెప్పులు అక్కడే వదిలేసి, రోడ్డు మధ్యన పరుగెత్తాడు.

మలుపు దగ్గర ద్రాక్షతోట ఉండేది. పందిరికి జానెడు మందం రాతి కడీలు పాతి ఉండేవి. ఎదురుగా ద్రాక్షపండ్ల బండి వస్తే తమ్ముడు తప్పించబోయాడట. బ్రేకు తొక్కాడు. ముందు వైపు బరువెక్కిన కారు ఆగలేదు, తిరగనూ లేదు. తోటలోకి దూసుకెళ్ళి కడీలకు కొట్టుకుంది. అన్నయ్య చేరేటప్పటికే అతను లేడు. మిగతాది నేను రాయను.

మూడో రోజు ఇంటి నిండా చుట్టాలు. వదిన పుట్టింటి పెద్దమనుషులు కూడా వచ్చారు. ఒకాయన ఓదార్పుగా, "వాని రాత గంతే రాసున్నది బిడ్డా," అన్నాడు. ఇంకొకాయన, వయసు వేడి, జోరుగా నడిపి ఉంటాడు అన్నాడు. గోడకు ఆనుకుని కూర్చున్న అన్నయ్య లేచాడు.

"రాత గాదు," అన్నాడు. "వాని తప్పు గూడ గాదు. ఇంజిన్ పెద్దది వెట్టిన. బ్రేకులు పాతయే ఉంచిన. సాలయని నాకు ఎర్కే. ఎర్కుండే పంపిన. సప్పుడు ఇందామని పంపిన."

వాళ్ళ అన్నగారు ఆయన భుజం పట్టి కూర్చోబెట్టబోయాడు. ఆయన కూర్చోలేదు. అదే మాట పోలీసులకూ చెప్పాడు. వాళ్ళు విని, దుఃఖంలో ఏదో అంటున్నాడని ఇంటికి పంపేశారు. ఎవరూ ఆయన మాట తీసుకోలేదు. వదిన ఒక్కతే తీసుకుంది. ఆమె ఆ రోజు తలెత్తి ఆయన్ను చూసింది, మళ్ళీ దించుకుంది.

ఆ ఇంజిన్ మాత్రం చెక్కుచెదరలేదు. బావి పంపుకు బిగించుకుంటామని వాళ్ళ అన్నగారు అడిగితే, "గది ఏడ మోగినా ఆమెకు ఇనవడ్తది," అని ఒప్పుకోలేదు. రావల్కోల్ పొలంలో ఎండిపోయిన పాతబావి ఉంటే, ట్రాక్టర్ మీద తీసుకెళ్ళి అందులో పడేసి వచ్చాడు. తర్వాత షెడ్డుకు తాళం వేశాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో చాలా ఏళ్ళు పనికి కావలసిన మాటలే నడిచాయి. అన్నం పెట్టిన. పాలాయన అచ్చిండు. కరెంటు పోయింది. ఆయన ఏ బండీ నడపలేదు. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఇద్దరూ బస్సులోనే వెళ్ళేవాళ్ళు. ఆమె ముందు ఆడవాళ్ళ సీట్లలో, ఆయన వెనక. దిగాక ఆమె నడుస్తుంటే నాలుగడుగులు వెనక ఆయన. నేనొకసారి ధైర్యం చేసి వదినను అడిగాను, ఇలా ఎన్నాళ్ళని. ఆమె జవాబిచ్చింది. "అందరు రాత రాత అన్నరు. ఆయన గూడ గట్లనే అనుంటే నేను గీ ఇంట్ల ఉండకపోతుంటి. ఉన్న మాటన్నడు. గందుకే ఉన్న. కని మాట్లాడాల్నంటే నాకు నోరు రాదు."

నేను బడికి వెళ్ళడానికి గేర్లు లేని బండి కొనుక్కున్నప్పుడు నేర్పింది ఆయనే. తను ఎక్కలేదు. పక్కన నడుస్తూ నేర్పాడు. మొదటి కొన్నాళ్ళు నన్ను నాలుగు గజాలు కూడా పోనివ్వలేదు. కదలడం, ఆపడం. మళ్ళీ కదలడం, ఆపడం. ఇసుక మీద, తడి నేల మీద, దిగుడులో. నాకు విసుగొచ్చి, "అన్నయ్యగారూ, నడపడం ఎప్పుడు నేర్పుతారండీ?" అన్నాను. "ఉరికిచ్చుడు ఎవ్వలైనా నేర్పుతరు చెల్లె. నేను ఆపుడే నేర్పుత," అన్నాడు. వీధిలో కుర్రాళ్ళు బైకుల మీద సైలెన్సర్లు తీసేసి పోతుంటే పిలిచి ఆపేవాడు. కొందరు ఆగేవాళ్ళు, కొందరు తిట్టి పోయేవాళ్ళు. ఈ రోజు వరకు నేను కింద పడలేదంటే అది ఆయన భిక్ష.

ఆ తర్వాత మా చుట్టూ ఊరు మారిపోయింది. ద్రాక్షతోటలు కొట్టేసి ప్లాట్లు వేశారు. ఔటర్ రింగురోడ్డు కోసం మట్టి తోలే లారీలు మొదలయ్యాయి. అలాంటి రోజుల్లో కొంపల్లి విల్లాల నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి వచ్చాడు. మా కోస్తా వైపు అబ్బాయే. ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చాడట. పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొన్నాడు, దానికి పెద్ద ఇంజిన్ వేయాలి. అన్నయ్య గేటు దగ్గరే నిలబెట్టి వద్దని పంపేశాడు. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ పంపేశాడు. మూడోసారి ఆ అబ్బాయి, "పోనీలెండి, మీరు చేయకపోతే ఇంకెవరితోనైనా చేయించుకుంటానండీ," అన్నాడు.

అప్పుడు నేను వదిన దగ్గరే ఉన్నాను. ఆమె చాటలో బియ్యం చెరుగుతోంది. అన్నయ్య లోపలికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆ సంగతి మీద ఆయన ఆమెతో నోరు విప్పడం అన్నేళ్ళలో అదే మొదలు.

"వేరేటోళ్ళతోని జేపిస్తడట," అన్నాడు. "ఏం జెయ్యాలె?"

ఆమె చెరగడం ఆపింది. "బ్రేకులు సూడకుంట జేస్తరు. ఆ పిలగాని తల్లి ఏడ్వాలె," అంది. చాట పక్కన పెట్టింది. "నువ్వే చెయ్యి. అయినంక ముందుగాల నన్ను కూసోవెట్టుకోని నడుపు. గప్పుడు ఇయ్యి ఆనికి."

షెడ్డు తాళం తుప్పు పట్టి రాలేదు. కోసి తీశాడు. ఆ కారు నెలల తరబడి ఇంజినే లేకుండా నిలబడింది. ముందు బ్రేకులు మార్చాడు, స్ప్రింగులు మార్చాడు, ముందు చక్రాలు మార్చాడు. ఆ అబ్బాయి వచ్చి, "ఇంజిన్ ఎప్పుడు పెడతారండీ?" అని అడిగితే, "దానికి ఆగుడు నేర్పుతున్న. ఇంకింత టైమ్ పడ్తది," అనేవాడు. మధ్యలో పనిముట్టు కింద పెట్టి, బయటికి వెళ్ళి కూర్చుని, మళ్ళీ లేచేవాడు. ఆ అబ్బాయికి మూడోసారీ వద్దనే చెప్పి ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది. ఆయన రాత్రిళ్ళు నిద్రపోవడం లేదని వదిన చెప్పింది.

చివరికి ఇంజిన్ కూర్చోబెట్టి కారు బయటికి తీసిన రోజు జరిగింది నాకు వదిన తర్వాత చెప్పింది. పొద్దున్నే ఇద్దరూ ఎక్కారు. శామీర్‌పేట రోడ్డు పట్టారు. మలుపు ఇంకా కొంత దూరం ఉందనగా ఆయన మెల్లగా నడుపుతుంటే, "ఇంకింత జోరుగ పో," అంది. పెంచాడు. "ఇంక," అంది. ఇంకా పెంచాడు. ఒకప్పుడు తోట ఉన్న చోటు కనబడగానే, "ఇగ ఆపు," అంది.

కారు ఆగింది. పక్కకు లాగలేదు, జారలేదు. ఎదురుగా ఖాళీ ప్లాట్లు, ఎండలో ఎర్రమట్టి. ఇంజిన్ మోగుతూనే ఉంది. ఆయన రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాడట.

"మంచిగనే ఆగింది," అందట ఆమె. తర్వాత, "అప్పుడు గిట్ల ఆగకపాయె," అంది.

ఆమె తలుపు తీసుకుని దిగింది. మేడ్చల్ వైపు తిరిగి నడవడం మొదలుపెట్టింది. ఆయన కారు వెనక్కి తిప్పాడు.

ఆ పొద్దున నేను బండి మీద బడికి పోతూ వాళ్ళకు ఎదురయ్యాను. దూరం నుంచే చూసి రోడ్డు పక్కకు తీసి ఆపాను. వాళ్ళు నన్ను చూడలేదు. వదిన కొంగు తల మీదికి లాక్కుని మట్టి అంచున నడుస్తోంది. పక్కనే ఆ కారు, మనిషి నడిచేంత నెమ్మదిగా వస్తోంది. అంత పెద్ద ఇంజిన్ ఆ నడకకు తగ్గలేక గురగురమంటోంది. వెనక మట్టి లారీలు హారన్లు కొట్టి, తప్పుకుని, దుమ్ము పోసి పోతున్నాయి. ఇద్దరి మధ్యా ఖాళీ సీటు. ఇద్దరూ ఎదురుగానే చూస్తున్నారు. వదిన కుడిచెయ్యి మాత్రం కారు తలుపు అంచు మీద ఉంది. ఆ చెయ్యి తీయకుండానే నడుస్తోంది. ఆ చెయ్యి జారిపోకుండా ఆయన నడుపుతున్నాడు.