శుక్రవారాల్లో మారిపోయే బుట్ట

ఆ శనివారం పొద్దున్న వీరదుర్గ ఫోను తెరిచేసరికి బుట్టలో గరుకు టైల్సు లేవు. వాటి స్థానంలో అద్దంలా మెరిసే తెల్ల టైల్సు కూర్చున్నాయి. ఇది మూడోసారి.

ఓడలరేవు వెళ్ళే రోడ్డుకి కాస్త పక్కగా, కాలవగట్టు మీద వరసగా ఐదిళ్ళున్నాయి. ఐదిళ్ళ మగవాళ్ళూ కువైట్‌లో ఒకే గదిలో ఉంటారు. అందరూ దగ్గర చుట్టాలే. ఐదిళ్ళకీ బాత్రూములు, వంటిళ్ళు, వెనక వసారాలు ఒకేసారి బాగుచేయిద్దామని ఈ ఏడు అనుకున్నారు. ఆన్‌లైన్‌లో అంతా కలిపి ఆర్డరు పెడితే లారీ సరుకు గట్టు దాకా తెచ్చి దింపుతుంది. విడివిడిగా పెడితే అమలాపురంలో పడేసి పోతారు. అందుకని వాళ్ళందరిలోకీ పెద్దవాడు, వీరదుర్గకి బావగారి వరసైన అప్పలరాజు తన పేరు మీద ఒక కార్టు తెరిచి, లింకు అందరికీ పంపించాడు. ఆడవాళ్ళు దాన్ని బుట్ట అనేవారు. లింకున్నవాళ్ళు ఎవరైనా అందులో వస్తువు వేయొచ్చు, ఎవరైనా తీసేయొచ్చు. వేసిందెవరో తీసిందెవరో అది చెప్పదు.

టైల్సు ఎంచే పని ఆడవాళ్ళకే అప్పగించారు. అప్పగించామని నోటితో అన్నారు కూడా. వీరదుర్గ ఆ మాట నిజమే అనుకుంది. అప్పలరాజు భార్య లక్ష్మీతులసిని వెంటబెట్టుకుని అమలాపురం వెళ్ళి, కొట్లో చెంబుడు నీళ్ళడిగి, ఒక్కో టైలు మీద పోయించి, చెప్పులు విప్పి తడికాలితో నిలబడి చూసింది. కొట్టు కుర్రాళ్ళు నవ్వారు. లక్ష్మీతులసి సిగ్గుతో ముడుచుకుపోయింది. వీరదుర్గ మాత్రం పదకొండు టైల్సు తొక్కి చూసి, పన్నెండోదాని మీద కాలు నిలిచాక, పెట్టె వెనకున్న నంబరు రాసుకుని వచ్చింది. అదే నంబరు వెతికి బుట్టలో ఐదిళ్ళకీ సరిపడా వేసింది.

మొదటిసారి అవి మాయమైనప్పుడు తన వేలే ఎక్కడో తగిలిందనుకుంది. నా వల్లే పోయాయమ్మా, ఏమనుకోకండని ఇల్లిల్లూ తిరిగి చెప్పుకుని, మళ్ళీ వేసింది. ఇప్పుడు తల్చుకుంటే ఆమెకి ఒళ్ళు మండేది అక్కడే. చేయని తప్పుకి ఐదు గుమ్మాలెక్కి సంజాయిషీ ఇచ్చుకుంది. చేసినవాళ్ళు అక్కడ హాయిగా బిరియానీ తింటున్నారు.

అసలు సంగతి రెండోసారి తెలిసింది. కువైట్‌లో శుక్రవారం సెలవు. ఆ రోజు ఐదుగురూ కలిసి వండుకుని, తిని, ఫోను మధ్యలో పెట్టుకుని బుట్ట తెరుస్తారు. ఎవరో ఒకరు తను పనిచేసే ఇంట్లో నేల ఎలా మెరుస్తుందో చెబుతాడు. మిగతావాళ్ళు అవునంటారు. గరుకువి పోతాయి, మెరిసేవి వస్తాయి. వీరదుర్గ మొగుడు గంగబాబు అక్కడ డ్రైవరు. ఆ ఇంటి నేలని కారు దగ్గర నిలబడి గుమ్మంలోంచి చూశాడే గానీ, ఒక్కనాడు దాని మీద అడుగు పెట్టినవాడు కాదు.

"గరుకు రాళ్ళు గొడ్లపాకలో ఏస్తారు దుర్గా, ఇంట్లో ఏస్తారేంటి? నీకు తెలీదులే" అన్నాడు, గరుకువే ఉంచమని ఆమె అడిగితే. కసిరి కూడా కాదు, ముద్దుగానే అన్నాడు.

"అలాగేనండి" అంది వీరదుర్గ. పెళ్ళయిన పదహారేళ్ళలో ఆమె ఎక్కువసార్లు అన్న మాట అదే.

ఆ పదహారేళ్ళలో గంగబాబు ఇంట్లో ఉన్న నెలలన్నీ కూడినా రెండేళ్ళు నిండవు. కాలవ పొంగి నీళ్ళు గుమ్మం దాటినప్పుడు నేల ఎత్తు చేయించింది ఆమె. తాపీమేస్త్రి పక్కన ఎండలో నిలబడింది ఆమె. అత్తగారు వీరాయమ్మ కంటి ఆపరేషన్‌కి రాజోలు తీసుకెళ్ళి తీసుకొచ్చిందీ, జాకెట్లు కుడుతూ మిషను దగ్గర నడుము పోగొట్టుకుందీ ఆమే. ఆ ఇంట్లో ఏ మూల నీరు నిలుస్తుందో, ఏ మూల పాచి పడుతుందో ఆమె పాదాలకి తెలుసు. అయినా ఆమెకి తెలీదట.

మెరిసే టైల్సు సంగతి తెలియకనా! నాలుగేళ్ళ కిందట సెలవుకి వచ్చినప్పుడు గంగబాబు ముందుగదికీ అరుగుకీ వేయించినవి అవే. చూడ్డానికి దివ్యంగా ఉన్నాయి. తొలకరి పడగానే, బయటినుంచి తడికాళ్ళతో వచ్చినవాళ్ళు జర్రున జారడం మొదలుపెట్టారు. ఐదిళ్ళలోనూ అవే టైల్సు, అదే అవస్థ. చేసేది లేక ఆడవాళ్ళు గోనెపట్టాలు పరిచారు. వానాకాలం మొదలు కార్తీకం వెళ్ళేదాకా ఆ నేల గోనెల కిందే ఉంటుంది.

మరి మగవాళ్ళకి ఈ సంగతి ఎందుకు తెలీదంటే, దాచింది ఆడవాళ్ళే. శుక్రవారం వీడియోకాల్ వచ్చే వేళకి ఐదిళ్ళలోనూ గోనెలు తీసి, మడతపెట్టి, తలుపు వెనక పడేసి, నేల తుడిచేవారు. అలా చెయ్యాలని ఎవరూ తీర్మానించలేదు. పరాయిదేశంలో ఎండలో పడి సంపాదించినవాడు తన ఇల్లు మెరుస్తుంటే చూసుకుని సంతోషిస్తాడు కదా అని ఒకరు మొదలుపెట్టారు, మిగతా నలుగురూ అందుకున్నారు. కాల్ అయిపోగానే మళ్ళీ గోనెలు.

పోయిన శ్రావణంలో ఒక శుక్రవారం కాల్ అరగంట ముందే వచ్చింది. బయట వాన. మోగుతున్న ఫోను చూసి వీరదుర్గ గబగబా పట్టాలు లాగుతూ అదే నేల మీద జారిపడింది. ఎడమ మణికట్టు విరిగింది. లోపల ప్లేటు వేశారు. అంత దూరాన ఉన్న మనిషి బెంగపడతాడని, బెణికిందని చెప్పింది. అత్తగారి చేతా అదే చెప్పించింది. ఆ తర్వాత ప్రతి కాల్‌లోనూ ఆ చెయ్యి కొంగు కిందే ఉండేది.

ఈ మూడోసారి బుట్ట చూసుకున్నాక ఆమెకి మొగుడి మీద ఎంత కోపం వచ్చిందో, తన మీద తనకి అంతే వచ్చింది. ఇంతలో ఐదిళ్ళవాళ్ళూ ఉన్న వాట్సాప్ గ్రూపులో అప్పలరాజు మెసేజ్ పెట్టాడు. వచ్చే శుక్రవారం సాయంత్రం ఆర్డరు పెట్టేస్తున్నాం, అందరూ చూసుకోండి అని. అంటే ఇక బాత్రూమూ అదే, వంటిల్లూ అదే. డెబ్భై దాటిన వీరాయమ్మ తెల్లారకుండా లేచి తడుముకుంటూ వెళ్ళే దారంతా అదే. బాత్రూములో గోనెపట్టా ఎక్కడ పరుస్తారు?

వీరదుర్గ లక్ష్మీతులసి ఇంటికి వెళ్ళి, ఈ శుక్రవారం పట్టాలు తియ్యొద్దక్కా అంది. మీ బావగారికి కోపమొస్తుందమ్మా అని లక్ష్మీతులసి తల తిప్పేసుకుంది. మిగతా మూడిళ్ళలో అడగలేదు. మళ్ళీ కాదనిపించుకునే ఓపిక ఆమెకి లేదు.

శుక్రవారం మధ్యాహ్నం ముసురు పట్టింది. నాలుగిళ్ళలో గోనెలు తలుపుల వెనక్కి వెళ్ళాయి. వీరదుర్గ మిషను దగ్గరనుంచి లేవలేదు. గ్రూపు కాల్ వచ్చింది. తెరమీద ఒక గడిలో ఐదుగురు మగవాళ్ళు, మిగతా గడుల్లో ఇక్కడి ఇళ్ళు. ఆమె ఫోను తిప్పి నేలని చూపించింది. బురద పట్టిన గోనెలు గుమ్మం నుంచి వంటింటి దాకా ఉన్నాయి.

అవేంటి, తీసెయ్యి, ఎంత అసహ్యంగా ఉందో చూడు అన్నాడు గంగబాబు.

"ఆయ్, తీస్తానండి." వీరదుర్గ ఒక గోనె లాగేసింది. కింద నేల తళుక్కుమంది. "ఇప్పుడు మీ అమ్మగారిని దీనిమీద నడవమని మీ నోటితో చెప్పండి. చెప్పేక ఆర్డరు పెట్టుకోండి."

వీరాయమ్మ అప్పుడే వెనక వసారాలోంచి తడికాళ్ళతో వచ్చి నిలబడి ఉంది. కోడలి మాట విని, ఫోను వైపు చూసింది. "బాబు నడవమంటే నడుత్తాను, దానికేముంది" అని కర్ర ముందుకి వేసింది. కర్ర చివర టైలు మీద జానెడు జారింది. అయినా ఆవిడ కాలెత్తింది.

"అమ్మా, వద్దు. ఆగు" అన్నాడు గంగబాబు.

లక్ష్మీతులసి గడిలో కెమెరా కదిలి, తలుపు వెనక మడతపెట్టిన గోనెల మీద ఆగింది. తర్వాత ఇంకో గడిలో గోనెలు కనిపించాయి. అప్పలరాజు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"సర్లే దుర్గా, అమ్మ కోసం మార్చేత్తాంలే" అన్నాడు గంగబాబు.

అక్కడితో ఊరుకోవచ్చు. వేరే రోజైతే ఊరుకునేది కూడా. కానీ అమ్మ కోసం అన్న మాట ఆమెకి కారం రాసినట్టుంది. అమ్మ కాలు ఒక్కసారి లేచేసరికి ఈయనకి వినబడింది. తను నోరు విప్పి చెప్పింది, కొట్లో చెప్పులు విప్పి తొక్కింది, మూడుసార్లు బుట్టలో వేసింది. అదేదీ వినబడలేదు.

కొంగు కిందనుంచి ఎడమచెయ్యి తీసి ఫోను ముందు పెట్టింది. మణికట్టు మీద కుట్ల గీత స్పష్టంగా కనిపిస్తోంది.

"ఇది బెణుకు కాదండి. విరిగింది. మీ ఫోనొచ్చిందని పట్టాలు తీత్తా ఇక్కడే పడ్డాను. ఏడాదైంది."

గంగబాబు ఆ గీత వంకే చూస్తూ, మరి నాకెందుకు చెప్పలేదని అడిగాడు.

"మూడువారాలుగా టైల్సు గురించి చెప్తున్నాను కదండీ. ఏం విన్నారు?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. కాల్ అలా నడుస్తుండగానే బుట్ట తెరిచింది. కుడిచేత్తో మెరిసేవన్నీ తీసేసింది. రాసిపెట్టుకున్న నంబరు చూసి గరుకువి ఐదిళ్ళకీ వేసింది. అక్కడ గదిలో అప్పలరాజు ఫోనులో అంకెలు ఒక్కొక్కటే మారుతుంటే ఐదుగురూ తలలు దగ్గరపెట్టి చూస్తున్నారు. బాత్రూము, వంటిల్లు, వెనక వసారా అయ్యాయి. ఇక అయిపోయిందనుకున్నారు. ఇంకో అంకె పెరిగింది.

ఇదెక్కడికి అని అప్పలరాజు మెల్లిగా అడిగాడు.

"ముందుగదికండి, బావగారూ" అంది వీరదుర్గ.