సంఘం మీద ఫిర్యాదు

అమలాపురంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతుండగా మా కాలేజీ విద్యార్థి సంఘం మీద ఫిర్యాదు ఇచ్చాను. దెబ్బలు తిన్నది నేను కాదు, మా క్లాసు అబ్బాయి. ఉప్పలగుప్తం అవతల, సముద్రం వైపు ఊరు వాళ్లది. తండ్రి చేపల వేట మానేసి రొయ్యల చెరువుకి కాపలా ఉండేవాడు. నేవీలో చేరాలని ఆ అబ్బాయి తెల్లారకముందే ఇసుకలో పరుగెత్తి, ఆ తర్వాత కాలేజీ బస్సెక్కేవాడు. రాత పరీక్ష, పరుగు రెండూ గట్టెక్కాడు. మెడికల్ ఒక్కటే మిగిలింది.

ఆ రోజు సంఘం బంద్ అంది. దేని గురించో ఇప్పుడు గుర్తు లేదు. మాకు కెమిస్ట్రీ ప్రాక్టికల్ జరుగుతోంది. సంఘం నాయకుడు మనుషుల్ని వెంటేసుకుని ల్యాబ్‌లోకి వచ్చి అందరినీ బయటికి నడవమన్నాడు. అందరం లేచాం. ఆ అబ్బాయి మాత్రం, "మధ్యలో ఉన్నానన్నా, అయిపోగానే వచ్చేస్తాను," అన్నాడు.

మర్యాదగానే అన్నాడు. చొక్కా పట్టుకుని సైకిల్ స్టాండు దాకా ఈడ్చుకుపోయారు. నేను మెట్ల మీద నిలబడి చూశాను. నాయకుడు అరచేత్తో గూబ మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఆ అబ్బాయి కింద కూలబడి, చెవిలో నీళ్లు పోయినవాడిలా తల విదిలించుకుంటున్నాడు.

ఆస్పత్రిలో కర్ణభేరి చిరిగిందన్నారు.

ఆ అబ్బాయిని ఫిర్యాదు ఇమ్మంటే, "మెడికల్ ముందు గొడవెందుకు, మానిపోద్దంట," అన్నాడు. చూసినదాన్ని కాబట్టి నేనే రాశాను.

ప్రిన్సిపాల్ గారు చదివి కళ్లజోడు తీశారు. "ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఇవన్నీ? నోటితో చెప్పేవు, విన్నాను. చాలదా?"

"చాలదండి. అందినట్టు ముద్ర వేసివ్వండి."

వేసిచ్చారు. ఇచ్చే ముందు లేచి గది తలుపు దగ్గరగా వేసొచ్చారు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

విచారణ స్టాఫ్ రూములో పెట్టారు. లెక్చరర్ల పక్కన, విద్యార్థుల ప్రతినిధిగా, ఆ నాయకుడే కూర్చున్నాడు. ఎవరి మీద ఫిర్యాదో అతనే నన్ను ప్రశ్నలడిగాడు.

"అంత దూరం నుంచి మొహాలు కనిపించేయా చెల్లెమ్మా?"

"మీ మొహం కనిపించిందండి," అన్నాను.

ఒక లెక్చరర్ గారు దగ్గారు. ల్యాబ్‌లో మాతో ఉన్నవాళ్లని పిలిస్తే ఒకరి తర్వాత ఒకరు, "మేం అప్పటికే గేటు దగ్గరున్నామండి," అన్నారు. ఆఖర్న ఆ అబ్బాయి తండ్రి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మావోడు స్టాండులో జారి పడిపోయేడండి. ఎవరూ కొట్టలేదండి."

బయట వరండాలో నా కోసం ఆగాడు. "ఏమీ అనుకోకమ్మా. ఆ చెరువు ఆ కొట్టిన కుర్రాడి మేనమామ గారిది. గట్టు మీద పాకలోనే ఉంటన్నాం. పొమ్మంటే ఎక్కడికెళ్తాం?"

"అబ్బాయికి అన్యాయం కదండీ బాబాయ్ గారూ."

"ఆయ్, అన్యాయమేనమ్మా. మా కోసం ఒకళ్లు రాసేరని వాళ్లమ్మ ఏడ్చింది."

ఆరోపణ రుజువు కాలేదని తేల్చేశారు. ఆ ఏడాది మిగతా రోజులు నా బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. నాన్న రోజూ పని ఆపుకుని వచ్చి నన్ను బస్సెక్కించేవారు.

మెడికల్‌లో ఆ అబ్బాయిని చెవి దగ్గరే ఆపేశారు. అక్కణ్నించి కాలేజీకి తిరిగి రాలేదు.

రెండేళ్ల తర్వాత రావులపాలెం బస్టాండులో కనిపించాడు. కువైట్ వెళ్తున్నాడు, ఎవరింట్లోనో వంటపని. నేను ఏదో అడుగుతుంటే, వినిపించే చెవి నా వైపుకొచ్చేలా జరిగి నిలబడ్డాడు.

"నిన్ను వాళ్లేమైనా చేసేరా తర్వాత?" అన్నాడు.

"లేదు."

"మరింకేం," అన్నాడు. హైదరాబాద్ బస్సు వచ్చింది. వెంట వచ్చిన తండ్రి అతనికి సంచీ అందించి, నాకు నమస్కారం పెట్టాడు. అంత పెద్దాయన నాకెందుకు పెట్టాలి? చేతులు పట్టుకుని దించేశాను.