ఇంపుకి ప్రాస

ఇవాళ ఏలూరు బస్సులో పక్కన కూర్చున్న పాప దగ్గర్నించి గుప్పున పౌడర్ వాసన వచ్చింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఆకివీడులో ఆరో తరగతి చదివేటప్పుడు, ఆ ఏడాదంతా లైబ్రరీలో గేయాల పుస్తకాలు చదివి, కనబడ్డ ప్రతిదానికీ ప్రాస వెతికేదాన్ని. నా పక్కన కూర్చునే రూతు మీద కూడా ఒకటి రాసి క్లాసులో చదివాను.

"రూతు నవ్వు ఇంపు, రూతు సంచి చేపల కంపు."

వాళ్ళ నాన్న చెరువుల్లో చేపలు పట్టేవాడు. అందరూ నవ్వారు, తెలుగు మేడంగారు కూడా. రూతు నవ్వలేదు. దానికి కవిత్వం అర్థం కాలేదనుకున్నాను.

మర్నాడు మెడ నిండా పౌడర్ పూసుకొచ్చి, బల్ల చివర కూర్చుంది.

"ఇంకా వస్తోందా వాసన?" అని మెల్లగా అడిగింది.

నేను వినిపించుకోలేదు. పౌడర్‌కి ప్రాస వెతుకుతున్నాను.